ఫోనులో ఏ ఆట ఆడదగినది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఖాళీ సమయంలో ఫోనులో ఆడుకోదగిన చిన్న ఆటల గురించి అడుగుతూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరికీ ఊరి పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటూ ఆమదాలవలస దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రోజూ ప్యాసింజరు రైలులో రానూపోనూ రెండున్నర గంటలు గడుస్తుంది. దారిలో నెట్ ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. సీటు దొరకని రోజున ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో ఆడుకునేలా, ప్రకటనల బెడద లేకుండా, స్టేషను రాగానే ఆపేయగలిగేలా ఉండే ఆటలు చెప్పగలరా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: టీచరుగారూ, మీరు చివర పెట్టిన షరతును నేను మొదట పెడతాను. కావలసినప్పుడు ఆపగలిగే ఆటే ఆడదగిన ఆట అని నా నమ్మకం. ఈ కొలతతో చూస్తే ఉచితంగా దొరికే ఆటలలో చాలా భాగం నిలబడవు, ఎందుకంటే ఆపనివ్వకపోవడమన్నది వాటి అల్లికలోనే ఉంటుంది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగానే తీసుకోండి. మూడేసి మిఠాయిలను వరుసలోకి తెచ్చే ఆ పజిలు తెలివైనదే, దానిని తక్కువ చేయను. అయితే అందులో ఆడేవారికి 5 ప్రాణాలు ఉంటాయి, పోయిన ప్రాణం ఒక్కొక్కటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది, అంతసేపు ఆగలేనివారు డబ్బు చెల్లించాలి లేదా స్నేహితులను అడగాలి. ఆ అరగంట విరామం చూడడానికి విశ్రాంతిలా కనబడుతుంది గాని, ఫోను మూసి పక్కన పెట్టిన తరువాత కూడా ఇంకో ప్రాణం వచ్చి ఉంటుందేమో అన్న ఆలోచన మనసును వదలదు. కొన్నేళ్ల క్రితం ఊరు కట్టి పంటలు పండించే ఒక ఆటను నేను రెండు నెలలు ఆడాను. పంట కోతకు వచ్చిందని ఫోను మోగితే అన్నం దగ్గర నుంచి లేచిన రోజులు ఉన్నాయి. ఆ రెండు నెలలలో నేను ఆనందించిన గంటలు ఎన్ని అని తరువాత లెక్క వేసుకుంటే సమాధానం బాధ కలిగించింది. అప్పటి నుంచి ఏ ఆటనైనా ఎవరికైనా చెప్పే ముందు, మధ్యలో వదిలేస్తే అది ఏమి చేస్తుందో చూసి చెబుతున్నాను.

నిలబడి ప్రయాణించే రోజుకు మీకు 2048 సరిపోతుంది. 2014 మార్చిలో గాబ్రియేలే చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రవాడు దీనిని రాసి, ఎవరైనా వాడుకునేలా దాని మూలాన్ని, అంటే ప్రోగ్రాము రాతను, కూడా ఉచితంగా పెట్టేశాడు. నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం 16 గడులు. వేలితో ఏ వైపు తోస్తే ఆ వైపుకు అంకెల పలకలన్నీ జారిపోతాయి, సమానమైన రెండు పలకలు తగిలితే కలిసిపోయి రెట్టింపవుతాయి, ప్రతి కదలిక తరువాత ఒక కొత్త 2 గాని, అరుదుగా ఒక 4 గాని పుడుతుంది. అన్నిటికన్నా పెద్ద పలకను ఒక మూలకు చేర్చి అక్కడి నుంచి కదలనివ్వకుండా ఆడడమే ఇందులోని కీలకం. లెక్కల ఉపాధ్యాయులకు ఇందులో మరొక లాభం ఉంది. పలకలు కలిసినప్పుడు వాటి అంకెల మొత్తం మారదు, కొత్త పలక పుట్టినప్పుడే మొత్తం పెరుగుతుంది. కొత్త పలకలు పదింట తొమ్మిది వంతులు 2, ఒక వంతు 4 అనుకుంటే ఒక్కో కదలికకు సగటున 2.2 పెరుగుతుంది గనుక, ఆట లక్ష్యమైన 2048 పలకను చేరడానికి దాదాపు 930 కదలికలు తప్పవని తొమ్మిదో తరగతి పిల్లలు కూడా తేల్చగలరు. ఆడిన మరునాడు తరగతిలో అడిగి చూడండి. మూలం అందరికీ అందుబాటులో ఉన్నందున దీనికి ప్రకటనలతో నిండిన నకళ్లు లెక్కలేనన్ని పుట్టాయి, కాబట్టి దించుకునే ముందు తయారు చేసినవారి పేరు చూడండి.

నిజానికి 2048కు అక్క ఒకటి ఉంది. అంతకు కొద్ది వారాల ముందే వచ్చిన త్రీస్ అనే ఆటను దాని రూపకర్తలు ఏడాదికి పైగా చెక్కారు. అందులో 1, 2 కలిస్తే 3 అవుతుంది, ఆపైన సమానమైనవే కలుస్తాయి, పలకలు ఒక్క తోపులో ఒక్క గడి మాత్రమే జరుగుతాయి, తరువాత రాబోయే పలక ఏమిటో ముందే సూచన కనబడుతుంది. అందుచేత ప్రతి తోపుకూ ఆలోచించవలసి వస్తుంది. 2048 చేతికి అలవాటైపోయి విసుగు పుట్టినప్పుడు దీనికి మారండి. ఈ రెండింటిలో నాకు త్రీస్ ఎక్కువ ఇష్టం.

సీటు దొరికిన రోజుకు మినీ మెట్రో. న్యూజిలాండులోని డైనోసార్ పోలో క్లబ్ అనే చిన్న సంస్థ చేసిన ఈ ఆట 2016లో ఫోన్లలోకి వచ్చింది. తెల్లని తెర మీద ఒక నది, అక్కడక్కడ గుండ్రంగా, ముక్కోణంగా, చతురస్రంగా స్టేషన్లు. ప్రయాణికులు కూడా అవే ఆకారాలలో ఉంటారు, ముక్కోణపు ప్రయాణికుడు ముక్కోణపు స్టేషనుకే వెళ్లాలి. వేలితో గీత గీస్తే అదే రైలు మార్గం, నది దాటాలంటే సొరంగం ఖర్చు చేయాలి, పెట్టెకు ఆరుగురే పడతారు, ఆటలో గడిచే ప్రతి వారానికీ ఒక కొత్త ఇంజను దొరుకుతుంది. ఊరు పెరుగుతూ పోయి, ఏదో ఒక స్టేషనులో జనం కిక్కిరిసి, వారిని సమయానికి తీసుకుపోలేకపోతే ఆట ముగుస్తుంది. ఒకే ఆకారపు స్టేషన్లను వరుసగా కలపకుండా ఆకారాలు మారుతూ వచ్చేలా గీత గీయాలన్న రహస్యం తెలియడానికి నాకు వారం పట్టింది. లండన్, కైరో, ముంబయి వంటి నగరాల పటాలు ఇందులో ఉన్నాయి. నెల్లిమర్లలో, చీపురుపల్లిలో, పొందూరులో బండి ఆగిన ప్రతిసారీ పెట్టెలోకి తోసుకువచ్చే జనాన్ని రోజూ చూసే మీకు ఈ ఆటలోని ఆందోళన ఎవరూ వివరించనక్కరలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి, ఇంట్లో తీరిగ్గా ఆడడానికి, మాన్యుమెంట్ వ్యాలీ కొనమని చెబుతాను. లండనులోని అస్టూ సంస్థ 2014లో విడుదల చేసింది. ఇడా అనే చిన్న రాకుమారిని గోపురాల మీదుగా, మెట్ల మీదుగా నడిపించాలి. అక్కడి కట్టడాలు మామూలువి కావు. ఒక స్తంభాన్ని తిప్పితే, దూరంగా ఉన్న రెండు దారులు కంటికి కలిసినట్టు కనబడతాయి, కంటికి కలిస్తే చాలు, ఇడా వాటి మీద నడిచి వెళ్లిపోతుంది. డచ్చి చిత్రకారుడు ఎషర్ గీసిన అసాధ్యమైన మెట్ల బొమ్మలు ఈ ఆటకు స్ఫూర్తి. మొత్తం పది అధ్యాయాలు, రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. డబ్బు పెట్టి కొన్నది ఇంత త్వరగా అయిపోయిందేమిటని చాలామంది ఫిర్యాదు చేశారు. నాకు మాత్రం అది అయిపోవడమే నచ్చింది. రెండు గంటల సినిమాకు టిక్కెట్టు కొన్నప్పుడు ఆ ప్రశ్న మనం వేయము కదా. ఒక్కసారి డబ్బు తీసుకుని, ఆ తరువాత మళ్లీ చేయి చాచకుండా, చెప్పదలచుకున్నది చెప్పి సెలవు తీసుకునే ఆటలకు ధర చెల్లించడం మన సమయానికి మనం ఇచ్చుకునే విలువ అని నేను భావిస్తాను.

మీకు ఆడమని చెప్పిన ఈ నాలుగు ఆటలూ ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నా ఫోనులో ఒక ఆట ఆడుతూ "వజ్రాలు" కొన్నాడు, నా ఖాతాలోంచి ₹890 పోయాయి. నా యూపీఐ పిన్ నంబరు వాడు చూసి గుర్తుపెట్టుకున్నాడట. కొట్టాలనిపించింది, కొట్టలేదు. ఆ డబ్బు తిరిగి వస్తుందా? వాడిచేత ఏ ఆటలు ఆడించవచ్చు?
– ఒక తల్లి, రాజాం

జవాబు: కొట్టకపోవడం చాలా మంచి పని చేశారమ్మా. మీ అబ్బాయి దొంగతనం చేశానని అనుకొని ఉండడు. ఈ ఆటలలో రూపాయికీ వస్తువుకూ మధ్య వజ్రాలో నాణేలో పెట్టడానికి కారణమే అది. ఉదాహరణకు ₹89కి 80 వజ్రాలు ఇస్తారనుకుందాం, కావలసిన కత్తి ఖరీదు 60 వజ్రాలు, మిగిలిన 20తో కొనదగినది ఏదీ ఉండదు, కనుక ఆ 20 వృథా పోకూడదని ఇంకో ₹89 పెట్టాలనిపిస్తుంది. కత్తి నిజంగా ఎన్ని రూపాయలు పడిందో లెక్క వేయడం పెద్దవారికే కష్టం. తొమ్మిదేళ్లవాడి దృష్టిలో వాడు వజ్రాలతో కత్తి కొన్నాడు, అంతే.

డబ్బు సంగతి వెంటనే చూడండి. గూగుల్ ప్లే ద్వారా జరిగిన కొనుగోలు అయితే 48 గంటల లోపు అక్కడే వాపసు కోరవచ్చు. ఆ గడువు దాటితే ఆట తయారు చేసినవారికి రాయాలి, పిల్లవాడు పొరపాటున కొన్నాడని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ రోజే యూపీఐ పిన్ మార్చండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటకు వెళ్లి, నెలనెలా కోత పడేలా ఏదైనా ఒప్పుకొని ఉంటే రద్దు చేయండి. ప్లే స్టోరు సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టుకోండి. ఫోను వాడి చేతికి ఇచ్చేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇస్తే ప్రకటనలు, కొనుగోళ్లు రెండూ చాలావరకు ఆగిపోతాయి. ఏరోప్లేన్ మోడ్‌లో అసలు తెరుచుకోనని మొరాయించే ఆట ఏదైనా ఉంటే దానిని తీసివేయడమే మంచిది. ఏ ఆటనైనా దించుకునే ముందు ప్లే స్టోరులో దాని పేరు కింద "ప్రకటనలు ఉంటాయి", "యాప్‌లో కొనుగోళ్లు" అన్న అర్థం వచ్చే చిన్న అక్షరాలను చదవడం అలవాటు చేసుకోండి. ఆ రెండూ లేని ఆట అయితే నిశ్చింతగా చేతికి ఇవ్వవచ్చు.

అటువంటిది ఒకటి జీకాంప్రి. స్వచ్ఛందంగా పనిచేసేవారు కలిసి తయారు చేసిన ఈ ఉచిత యాప్‌లో, రెండు నుంచి పదేళ్ల పిల్లల కోసం వందకు పైగా చిన్న చిన్న ఆటలు ఉన్నాయి, ప్రకటనలు లేవు, కొనవలసినదీ లేదు. చదరంగం, సుడోకు, ముక్కలు పేర్చి ఆకారాలు చేసే టాన్‌గ్రామ్ అందులో కనబడతాయి. వాటి మధ్య మూడు చతురస్రాలు ఒకదానిలో ఒకటి గీసి, తొమ్మిదేసి కాయలతో ఆడే ఆట ఒకటి ఉంటుంది, తప్పక తెరవండి. అది మన దాడి ఆటే. మూడు కాయలు వరుసలోకి వస్తే ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చు. ఫోనులో నియమాలు నేర్చుకున్నాక నట్టింట సుద్దముక్కతో గీసి, మీరో, వాళ్ల నాయనమ్మో ఎదురుగా కూర్చుంటే వాడు ఫోను అడగడని నేను హామీ ఇవ్వలేను గాని, ఆ కాసేపు అడగడు.

మాన్యుమెంట్ వ్యాలీ రెండో భాగం 2017లో వచ్చింది, అది ఒక తల్లీ కూతుళ్ల ప్రయాణం. మాటలు తక్కువ, పగలూ ప్రతీకారాలూ లేవు. మీరూ వాడూ ఒకే తెర చూస్తూ, స్తంభాన్ని ఎటు తిప్పాలో వాదించుకుంటూ ఆడదగిన ఆట అది.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. ఉద్యోగ విరమణ తరువాత బొబ్బిలిలో స్థిరపడ్డాను. ఫలానా ఆట ఆడితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మతిమరపు రాదు అని ఫోనులో ప్రకటనలు వస్తున్నాయి. చందా కట్టవచ్చునా? చిన్నప్పుడు చదరంగం, పులి–మేక బాగా ఆడేవాణ్ణి.
– ఒక విశ్రాంత ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: అయ్యా, ఆ ప్రకటనలను నమ్మి చందా కట్టవద్దని నా మనవి. ఇటువంటి మెదడు ఆటలలో బాగా పేరున్న ల్యూమోసిటీ, వయసుతో వచ్చే మతిమరపును తగ్గిస్తుందన్నట్టుగా ప్రచారం చేసుకొని, అందుకు తగిన ఆధారం చూపలేక, 2016లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో రాజీ పడి 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఒక ఆట ఆడితే ఆ ఆటలో నేర్పు పెరుగుతుంది. అది ఖాయం. ఆట ఆడినందుకు దక్కే సంతోషం మీకు చాలు, దానికి మందుల చీటీ అక్కరలేదు.

చదరంగం బాగా ఆడేవాణ్ణంటున్నారు గనుక లీచెస్ దించుకోండి. తిబో డుప్లెసి అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2010లో మొదలుపెట్టిన ఈ వేదిక విరాళాల మీదనే నడుస్తుంది. ప్రకటనలు లేవు, చందా లేదు, డబ్బిచ్చినవారికి ఎక్కువ, ఇవ్వనివారికి తక్కువ అన్న తేడా కూడా లేదు. కంప్యూటరుతో ఆడాలంటే ఎనిమిది స్థాయిలు ఉన్నాయి, మొదటి స్థాయిలో అది బాగా తప్పులు చేస్తుంది, మొహమాటపడకుండా అక్కడే మొదలుపెట్టండి. గడియారం పరుగు మీకు నచ్చకపోతే ఉత్తరాల పద్ధతి ఒకటి ఉంది, అందులో ఒక్కొక్క ఎత్తుకు కొన్ని రోజుల వ్యవధి పెట్టుకోవచ్చు. దూరాన ఉన్న కొడుకో మనవడో ఉంటే వారితో రోజుకొక ఎత్తు చొప్పున ఒక ఆట నెలల తరబడి సాగించవచ్చు, పొద్దున్న కాఫీ తాగుతూ ఒక ఎత్తు వేసి ఫోను పక్కన పెట్టేయవచ్చు. అక్షరాలు చిన్నవిగా కనబడితే ఫోను సెట్టింగులలో డిస్‌ప్లే అన్న చోట అక్షరాల పరిమాణం పెంచుకోండి.

పులి–మేకకు కూడా యాప్‌లు దొరుకుతున్నాయి, కానీ వాటిలో చాలావాటిని ప్రకటనలు ముంచెత్తాయి, నేను పేరు పెట్టి చెప్పగలిగినది కనబడలేదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకే బలం, మేకకు గుంపు బలం. రెండు పక్షాలకూ బలం వేరు, గెలుపు వేరు అయిన ఇంత చక్కని ఆటను మన ఊళ్లలో అరుగుల మీద బొగ్గుతో గీసి ఆడారు. మీకు అది బాగా వచ్చు గనుక, వీధిలో పిల్లలకు నేర్పగలిగితే అంతకన్నా కావలసినది లేదు. ఆ పని ఏ యాప్ కూడా చేయలేదు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆడుతూ డబ్బు సంపాదించగలిగే మంచి రమ్మీ యాప్ ఏదైనా చెప్పండి.
– ఒక విద్యార్థి, టెక్కలి

జవాబు: చెప్పను. పందెం కాసి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, అవి నైపుణ్యంతో కూడినవైనా అదృష్టంతో కూడినవైనా సరే, దేశమంతటా నిషేధించింది. అటువంటి ఆటను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇంత జరిగాక కూడా మీకు ఎవరైనా ఒక లంకె పంపి ఇందులో ఆడమంటే, అది చట్టానికి దొరకకుండా ఎక్కడి నుంచో నడిచే వ్యవహారం. అందులో వేసిన డబ్బును అడిగి తెచ్చుకునే దారి ఉండదు. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచవద్దు, సైబరు మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పేకముక్కల మీద ఇష్టమే ఉంటే, పందెం లేకుండా ఒక్కరే ఆడుకునే సాలిటేర్ ఆడుకోండి.

ప్రశ్న: నాది పాత ఫోను, చోటు తక్కువ. కొబ్బరి తోట పని మధ్యలో నీడన కూర్చున్నప్పుడు ఆడుకోవడానికి ఒకే ఒక్క ఆట పెట్టుకోవాలంటే ఏది పెట్టుకోను? ఇంగ్లీషు అంతగా రాదు.
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: సైమన్ టాథమ్ పజిల్స్ పెట్టుకోండి. టాథమ్ ఒక బ్రిటిషు ప్రోగ్రామరు, కంప్యూటర్ల పని చేసేవారికి పుట్టీ అనే సాధనం ద్వారా ఆయన పేరు తెలుసు. ఆయన ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చిన దాదాపు నలభై పజిళ్లు ఈ ఒక్క యాప్‌లో ఉన్నాయి. ఫోనులో చాలా కొద్ది చోటు చాలు, నెట్ అక్కరలేదు, ప్రకటన ఒక్కటీ రాదు, డబ్బు మాట లేదు. ప్రతి పజిలునూ ఫోను అప్పటికప్పుడు కొత్తగా పుట్టిస్తుంది కాబట్టి ఎన్నాళ్లు ఆడినా తరగదు. దాగి ఉన్న మందుపాతరలను తప్పించుకుంటూ గడులు తెరిచే మైన్స్ అనే ఆట అందులో ఉంది, దానిలో ఒక విశేషం ఉంది. పాత కంప్యూటర్లలో అదే ఆట చివరికి వచ్చేసరికి ఏ గడి నొక్కాలో తెలియక గుడ్డిగా ఊహించవలసి వచ్చేది, ఇక్కడ మాత్రం ఊహతో పని లేకుండా ఆలోచనతోనే పూర్తి చేయగలిగేలా గడులు పేరుస్తారు. ఓడిపోతే తప్పు మనదే, గెలిస్తే ఆ గెలుపూ పూర్తిగా మనదే.

బొమ్మలు సాదాగా ఉంటాయి, పాటా మెరుపూ ఏమీ ఉండవు, తెరవగానే ఇదేమిటని నిరాశ కలగవచ్చు. రెండు రోజులు ఓపిక పట్టండి. మొదట అన్‌టాంగిల్ అనే దానిని తెరవండి. చుక్కలు, వాటిని కలుపుతూ గీతలు, అన్నీ చిక్కుపడిన నూలులా ఉంటాయి. చుక్కను వేలితో పట్టి లాగి, ఏ గీతా మరో గీతను దాటకుండా విడదీయాలి. చదవవలసిన అక్షరం ఒక్కటీ లేదు. అంచున ఉన్న చుక్కలను ముందు బయటకు లాగి, రెండే గీతలు తగిలిన చుక్కలను చివరికి ఉంచుకుంటే దారి దొరుకుతుంది. ఆరు చుక్కల చిక్కుతో మొదలుపెట్టి, అది చేతికి వచ్చాక పది, ఆ తరువాత పదిహేను చుక్కలకు వెళ్లండి. పని పిలిస్తే మధ్యలోనే ఫోను జేబులో పెట్టేయండి, మళ్లీ తెరిచేసరికి చిక్కు మీరు వదిలిన చోటే ఉంటుంది.